ముఖం చూస్తేనే మాట

ఇల్లందు,
6 జనవరి 2025

గ్రేస్ తల్లీ,

ఇది మీ సంసోను మామయ్య చేతిరాతే. గీతలు కొండలెక్కి దిగుతున్నాయంటే చెయ్యి వణికి కాదు, బల్ల కాలు ఒకటి పొట్టిది. దాని కింద పెట్టిన అట్టముక్కను మీ అత్త ఇన్నమ్మ పొయ్యి రాజేయడానికి తీసుకుంది.

ఇంట్లో ఫోను ఉండగా ఉత్తరమేమిటి అంటావేమో. బాయిలో ముప్పై ఏళ్లు బ్లాస్టింగు చప్పుళ్ల మధ్య బొగ్గు తీసినవాడికి ఫోను గోడతో సమానం. ఎవరైనా చేస్తే చెవికి ఆనించుకుని మర్యాదగా ఊ కొడతాను. మొన్న ఎవరో బ్యాంకువాళ్లట, నేను ఊ కొడుతూనే ఉన్నాను. మీ అత్త గుంజుకుని కట్ చేసి, నా ముందుకొచ్చి నిలబడి తిట్టింది. "అన్నిటికి ఊ అంటివి, ఇల్లు రాసిస్తనని ఒప్పుకున్నవో ఏందో!"

అసలు సంగతికి వస్తాను. మా షాలేమ్‌రాజు బిడ్డ జెస్సికా నాలుగో తరగతికి వచ్చింది. కొడుకూ కోడలూ మణుగూరులో షిఫ్టు డ్యూటీలు చేస్తారు కాబట్టి పిల్ల నాలుగేళ్లుగా మా దగ్గరే. నువ్వు బూర్గంపాడులో కిరాయి గది తీసుకుని, అడవి ఊళ్ల బడులన్నీ తిరిగి తెలివైన పిల్లలను పరీక్ష పెట్టి ఏరుతున్నావని మీ అమ్మ చెప్పిందట. ఏరిన పిల్లలకు హైదరాబాదు దగ్గర మీ ట్రస్టు బడిలో చదువు, తిండి, పడక అన్నీ ఉచితమట కదా. జెస్సికాకు ఆ సీటు రావాలని షాలేమ్‌రాజు పట్టు పట్టాడు.

పరీక్షలంటే గుర్తొచ్చింది. నన్ను బాయిలోకి తీసుకునేటప్పుడూ ఒకటి పెట్టారు. రాయి ఎత్తమన్నారు. ఎత్తాను. దించమనలేదు కాబట్టి దించలేదు. నాకు ముందు ఎత్తినవాళ్లందరూ వెంటనే పడేశారట. పనివాళ్ల మీద ఉండే సర్దారు నవ్వి, "వీడు చెప్పింది ఇంటడు, రాసుకోండి" అన్నాడు. వినే చెవులున్నాయని ఉద్యోగమిచ్చారు. బాయి ఆ చెవులనే తీసుకుంది.

జెస్సికాయే ఇప్పుడు నాకు చెవులు. చర్చిలో మగవాళ్ల వైపు నా పక్కనే కూర్చుని, నా వైపు తిరిగి, పాస్టరు చెప్పిందంతా పెదవులతో, చేతులతో చెబుతుంది. ఒక్క మాట పోదు. మన శాంతికుమార్ పాస్టరు ఎంత మారాడనుకున్నావు! మొన్న జలప్రళయం నాటి నోవహు ఓడ సంగతి చెప్పాడు. కొయ్య ఓడలోకి వడ్రంగిపిట్టను ఎక్కించుకోవాలా వద్దా? ఎక్కిస్తే ఓడకు బొక్క, వదిలేస్తే దేవుడికి కోపం. చివరికి నోవహు తన గది తలుపును ఆ పిట్టకు అప్పగించాడట, "ఎంతైనా పొడుచుకో, ఇదొక్కటే నీది" అని. వాన వెలిసేనాటికి ఆ గదికి తలుపే లేదు. అందుకే పావురం కొమ్మతో తిరిగొచ్చినప్పుడు తలుపు తట్టవలసిన పని లేకపోయింది.

ఇంత మంచి ప్రసంగానికి చుట్టూ ఉన్న మగవాళ్లు కునికిపాట్లు పడుతుంటే నాకే సిగ్గేసింది. బయటికొచ్చాక పాస్టరు చెయ్యి పట్టుకుని, వడ్రంగిపిట్ట సంగతి చాలా బాగుందన్నాను. ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కాడు. నా కోసం ప్రార్థన చేస్తానని చెప్పాడట.

పరీక్ష నువ్వే దగ్గరుండి పెట్టు. మన పిల్ల కదా, కొంచెం చూసుకో.

నీ మామయ్య,
సంసోను


బూర్గంపాడు,
18 జనవరి 2025

మామయ్యకు, అత్తమ్మకు వందనాలు.

మీ ఉత్తరంలో అసలు సంగతి దొరికేసరికి నా టీ చల్లారింది.

మామయ్యా, "చూసుకోవడం" కుదరదు. సొంతవాళ్ల పిల్లలకు మేం పరీక్ష పెట్టకూడదు. నాతో పనిచేసే జ్యోత్స్న ఫిబ్రవరి మొదటి వారంలో ఇల్లందు వస్తుంది, జెస్సికాను తనే చూస్తుంది. మంచిపిల్ల, కోపగించుకోదు. పరీక్షలో పాఠాలేమీ ఉండవు. కొన్ని రంగు దిమ్మెలు, కొన్ని బొమ్మలు, కొన్ని నోటి ప్రశ్నలు. దయచేసి ముందుగా ఏమీ నేర్పకండి. నేర్పిస్తే పిల్ల తెలివి కాదు, మీ శ్రమ తెలుస్తుంది.

జ్యోత్స్నకు చెప్పడానికి ఒకటి రాయండి: జెస్సికా ఇంట్లో ఎలా మాట్లాడుతుంది? కలుపుగోలుగానా, బిడియంగానా?

శాంతికుమార్ పాస్టరుగారు అంత బాగా చెబుతున్నారా! అమ్మతో వచ్చినప్పుడు ఆయన ప్రసంగంలోనే నేను బెంచీ మీంచి జారిపడ్డాను, నిద్రలో. మనుషులు మారతారన్నమాట.

మీ గ్రేస్


ఇల్లందు,
27 జనవరి 2025

సొంతవాళ్లకు పరీక్ష పెట్టని గ్రేస్‌కు,

కోపం లేదు. ఉన్నా రెండు రోజులే ఉంది.

పిల్ల ఇంట్లో ఎలా మాట్లాడుతుందని అడిగావు. అది చెప్పాలంటే ముందు నెత్తిమీద దీపం సంగతి చెప్పాలి. బాయిలో మా టోపీకి ముందు దీపం ఉంటుంది కదా. ఎదుటివాడి ముఖం చూసి మాట్లాడితే ఆ వెలుగు సూటిగా వాడి కళ్లలో పడుతుంది. కాసేపు వాడికేమీ కనిపించదు. ఆ కాసేపటిలో బొగ్గు టబ్బు రావచ్చు, పైనుంచి బండ రావచ్చు. అందుకని లోపల మర్యాదస్తుడెవడూ ముఖం చూసి మాట్లాడడు. పక్కకు తిరిగి గోడతో చెబుతాడు. కొత్తలో నేను కళ్లలోకి చూసి మాట్లాడితే సర్దారు తల మీద ఒక్కటిచ్చాడు. "పెండ్లిచూపులకు వచ్చినవారా?"

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పెళ్లయిన కొత్తలో మీ అత్తతో మాట్లాడవలసిందంతా నీళ్ల బిందెతో మాట్లాడాను. "నన్ను చేసుకున్నవా, బిందెను చేసుకున్నవా?" అని ఏడ్చింది. ఆ తర్వాత చెవులు పోయాయి. ఇప్పుడు మనిషి ముఖం చూస్తే తప్ప నాకు మాట అందదు. ముఖం చూడకూడని చోట సగం బతుకు, చూడకపోతే గడవని చోట సగం బతుకు. దేవుడి లెక్క అలాగుంది.

అందుకని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాళ్లు మన ముఖం చూసేదాకా నోరు తెరవకూడదు. జెస్సికా దీన్ని నాకంటే నిష్ఠగా పాటిస్తుంది. "తాతా, బియ్యం ల" అంటుండగా నాకు దగ్గు వచ్చి తల దించితే అక్కడే ఆగిపోతుంది. నేను తలెత్తాక ఆ "ల" దగ్గరే అందుకుని "లేవంట" అని ముగిస్తుంది. మధ్యలో ఆ మాటను బుగ్గలో దాచుకుంటుంది కాబోలు, కోతి శెనగలు దాచుకున్నట్టు.

నువ్వు చెప్పినట్టే ఏమీ నేర్పలేదు. ఒక్కమాట మాత్రం చెప్పాను. "ఆ మేడం దగ్గర మనింట్ల ఎట్లుంటవో గట్లనే ఉండు బిడ్డా, మర్యాద తప్పకు."

మామయ్య


బూర్గంపాడు,
13 ఫిబ్రవరి 2025

మామయ్యా,

ఇది రాయడం కష్టంగా ఉంది. జెస్సికాకు సీటు రాలేదు.

చేతులతో చేసే భాగంలో, అంటే దిమ్మెలు పేర్చడం, చెదిరిన బొమ్మ కలపడంలో, ఈ ఏడు మేం చూసిన పిల్లలందరికంటే తనే ముందుంది. నోటితో జవాబు చెప్పే భాగంలో మాత్రం సగానికి పైగా ప్రశ్నలకు మౌనం. "అడిగితే నా వైపే చూస్తూ కూర్చుంది, అర్థం కానట్టుంది" అని జ్యోత్స్న రాసింది. రెండు భాగాలూ కలిపి చూస్తారు కాబట్టి మొత్తం తక్కువైంది.

ఇది పిల్ల తెలివి మీద తీర్పు కాదు. ఆ రోజు, ఆ గదిలో, ఆ గంటసేపు జరిగిన సంగతి మాత్రమే. ఆ మాట షాలేమ్‌రాజు బావకు కూడా చెప్పండి. ఫలితం బడికి కూడా పంపాం, అది మా నియమం.

మీరు దీపం గురించి రాసిన ఉత్తరం హాయిగా ఉంది. పని ఒత్తిడిలో సగమే చదివాను, మిగతాది ఆదివారం చదువుతాను.

గ్రేస్


ఇల్లందు,
24 ఫిబ్రవరి 2025

గ్రేస్‌కు,

ఆ గది, ఆ గంట అని నువ్వు రాశావు. బడిలో పంతులమ్మ అంత దూరం చదవలేదు. "సగటు కంటే తక్కువ" అన్న ముక్క దగ్గరే ఆగి, జెస్సికాను ముందు వరుసలోంచి లేపి గోడవారన ఉన్న బెంచీకి మార్చింది. ఆ బెంచీకి పిల్లలు పెట్టుకున్న పేరు మొద్దుల బెంచీ. సాయంత్రం ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా మీ అత్త ముందు నిలబడింది. "నాయనమ్మా, నేను మొద్దునంట. పరీక్షల తేలిందంట."

నేను కూర్చోబెట్టి అడిగాను. "మేడం అడిగితే జవాబెందుకు చెప్పలేదే?"

"అడిగితే చెప్పేదాన్నే తాతా."

"అడగలేదా?"

"అడిగింది. గని నన్ను కాదు. కాయితాన్ని అడిగింది."

అదమ్మా సంగతి. మీ జ్యోత్స్న ప్రశ్నలు పిల్లను అడగకుండానే సున్నాలు వేసుకుని పోయింది. ఎండలో వచ్చిందేమో, బస్సు అందుకోవాలేమో. నువ్వుంటే ఇలా జరిగేది కాదు. సొంతవాళ్లకు పెట్టకూడదన్నావు, పరాయివాళ్లు పెడితే ఇదీ ఫలితం.

నిన్న పాస్టరు తప్పిపోయిన గొర్రె సంగతి చెప్పాడు. కాపరి ఒక్కదాని కోసం పోయాడు సరే, వదిలిపోయిన తొంభై తొమ్మిదీ ఏమనుకున్నాయి? చీకటి పడుతుంటే ఒకదాన్నొకటి అడిగాయట. "తప్పిపోకుంట ఉండుడే మన తప్పా?" వాటిలో ఒక ముసలి గొర్రె, "ఆయన మనల్ని నమ్మిండు, అందుకే ఇడిసిపెట్టిపోయిండు" అన్నది. ఒక పిల్ల గొర్రె మాత్రం, "నమ్మితే ఒక్కసారి ఎనక్కి తిరిగి సూడొచ్చు గద" అన్నదట. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. పక్కన ఉన్నాయన గురక పెడుతున్నాడు. ఇదేం సంఘమో!

సంసోను


బూర్గంపాడు,
4 మార్చి 2025

మామయ్యా,

జ్యోత్స్న అలాంటిది కాదు. ప్రతి ప్రశ్నా రెండేసిసార్లు అడిగింది. ఆ గదిలోనే బడి ఆయమ్మ కూడా ఉంది, నేను ఫోను చేసి కనుక్కున్నాను. పిల్ల భయపడి ఏదో చెప్పి ఉంటుంది, తిట్టకండి.

చేతుల భాగానికీ నోటి భాగానికీ ఇంత తేడా మామూలుగా రాదు. నాకొక అనుమానం. దయచేసి జెస్సికాను ఒకసారి చెవి డాక్టరుకు చూపించండి. మన ఇంట్లో వినికిడి సమస్య ఉంది కదా, ఆలస్యం చేయడం మంచిది కాదు.

బెంచీ సంగతి పంతులమ్మతో నేనే మాట్లాడతాను. త్వరలో వస్తాను.

గ్రేస్


ఇల్లందు,
12 మార్చి 2025

గ్రేస్ మేడం గారికి,

"మన ఇంట్లో వినికిడి సమస్య" ఉందని రాశారు. మన ఇంట్లో లేదమ్మా, బాయిలో ఉంది. నా చెవులు మా నాయన ఇచ్చినవి మంచివే. గంట కొడితే ఏ చర్చిదో చెప్పేవాణ్ని. చెవుడు కొడుక్కీ మనుమరాలికీ పంచిపెట్టే ఆస్తి కాదు.

నేను వద్దన్నా మీ అత్త పిల్లను దవాఖానాకు తీసుకుపోయింది. యంత్రం పెట్టి చూశారు. పక్క గదిలో నర్సులు టిఫిన్ల గురించి చెప్పుకున్నది విని జెస్సికా నవ్విందట. "ఈ పిల్ల చెవులు నాక్కావాలె" అన్నాడట డాక్టరు. మీ అనుమానం తీరిందనుకుంటాను.

పిల్ల మాత్రం మాట తగ్గించింది. చూస్తే చెబుతుంది, అంతవరకే. ఈ నెల మొదటి నుంచీ పాస్టరుకూ ఏమైందో, ప్రసంగాలు చప్పబడ్డాయి. యోనాను చేప మింగింది, కక్కింది, ప్రార్థన చేయండి. అంతే. కడుపులో మనిషి మాట్లాడుతుంటే ఆ చేపకు నిద్రెలా పట్టింది, ఆ సంగతులేమీ లేవు. ఎండలు ముదిరినందుకేమో.

ఇట్లు,
సంసోను, రిటైర్డు


బూర్గంపాడు,
26 మార్చి 2025

మామయ్యా,

మొన్న ఆదివారం నేను వచ్చినప్పుడు మీరు నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నంతసేపూ కిటికీ వైపే చూశారు. నేనేం చెప్పినా మీకు అందదని తెలిసే చూశారు. అందుకే ఉత్తరం. దీన్ని చూడకుండా ఉండలేరు.

మధ్యాహ్నం నేను వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. అత్తమ్మ పొయ్యి వైపు తిరిగి, "జెస్సీ, కారం డబ్బ ఏడ వెట్టినవే?" అంది. జెస్సికా పలకలేదు. లేచి, అత్తమ్మను చుట్టి, పొయ్యికీ గోడకూ మధ్య సందులో దూరి, తల వంచి కింది నుంచి అత్తమ్మ ముఖంలోకి చూసింది. అప్పుడు, "గూట్లె ఉన్నది నాయనమ్మా" అంది. అత్తమ్మకు అందులో వింతేమీ కనిపించలేదు. ఆ ఇంట్లో రోజూ జరిగేదే కదా.

నేను కావాలనే ఫోను చూస్తూ, "జెస్సికా, మీ బళ్లో నీకిష్టమైన పాఠమేది?" అన్నాను. మౌనం. ఇంకోసారి అడిగాను. మౌనం. తలెత్తాను. నా కోసమే కాచుకున్నట్టు చెప్పింది: "వానపాము పాఠం పిన్నీ. గని వానపామును ఎవరూ అడగలె, దానికి ఏ దిక్కు ముందో."

మా పరీక్షలో ప్రశ్న మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు చదవాలి. జ్యోత్స్న చాలా నిక్కచ్చి. పుస్తకంలోకి చూస్తూ చదివింది, గడియారం చూసింది, రాసుకోవడానికి తల దించింది. జెస్సికా ఆ తల లేచేదాకా ఆగింది. లేచేసరికి గడువు అయిపోయి తర్వాతి ప్రశ్న వచ్చింది. మళ్లీ తల దిగింది. అడిగింది నిజం. కాయితాన్ని అడిగింది అన్నదీ నిజమే. మర్యాద తప్పవద్దని మీరు చెప్పిన ఒక్కమాటను పిల్ల ప్రాణంగా పాటించింది.

మీ జనవరి ఉత్తరం మళ్లీ తీసి చదివాను. అంతా అందులోనే ఉంది. దీపంతో మొదలుపెట్టారని నేను దాటేశాను. తప్పు నాది. అయినా మామయ్యా, ఒక్కసారైనా అసలు సంగతి ముందు రాయకూడదా?

సోమవారం బడికి వెళ్లి పంతులమ్మతో మాట్లాడాను. ముఖం చూసి అడగమన్నాను. ఆవిడ నమ్మలేదు. నా ముందే అడిగి చూసింది, ఆ తర్వాత జెస్సికా సంచీని తనే తీసుకెళ్లి ముందు బెంచీలో పెట్టింది. అదే పరీక్ష ఏడాదిలోపు మళ్లీ పెట్టకూడదు. వేరే పరీక్ష ఉంది. మా పెద్ద, రాందాస్ గారు, తనే వస్తానన్నారు.

నిన్న బూర్గంపాడు వెనకనున్న ఒక ఊళ్లో హేమ్లా అనే పిల్లవాడికి పరీక్ష పెట్టాను. రాసుకోవడానికి తల దించి, టక్కున ఎత్తాను. నిరుటి నుంచి నేను తల దించుకుని రాసేసిన పిల్లలు ఎందరో. వాళ్ల ఇళ్లలో ఏయే కట్టుబాట్లున్నాయో నేనెవర్నీ అడగలేదు.

గ్రేస్


ఇల్లందు,
4 ఏప్రిల్ 2025

గ్రేస్ తల్లీ,

కిటికీ వైపు చూసిన మాట నిజం. అందులో కనిపించింది పక్కింటివాళ్ల మేక. దాని ముఖం నాకిప్పుడు బాగా గుర్తు. ఈసారి వస్తే నీ ముఖమే చూస్తాను.

జ్యోత్స్నను నేనన్న మాటలకు నా తరఫున ఏం చెప్పాలో అది చెప్పు. మీ అత్త ఆమె కోసం మామిడికాయ తొక్కు పచ్చడి పెట్టి ఉంచింది. తొక్కుకు లొంగని కోపం ఉండదు.

జెస్సికా మళ్లీ మాట్లాడుతోంది, ఆగకుండా. ఆశ్చర్యమేమిటంటే పాస్టరు కూడా కోలుకున్నాడు. మొన్న ఆ చేప సంగతి మళ్లీ ఎత్తుకుని సరిగ్గా చెప్పాడు. యోనాను కక్కాక దానికి ఒంటరిగా అనిపించి, ఒడ్డు దగ్గరే చాలాకాలం తిరిగిందట, ఎవరైనా మాట్లాడతారేమోనని.

మామయ్య


బూర్గంపాడు,
14 ఏప్రిల్ 2025

మామయ్యా,

ఈసారి అసలు సంగతి ముందే రాస్తున్నాను, చూసి నేర్చుకోండి. జెస్సికాకు సీటు వచ్చింది. కానీ తను వెళ్లనంటోంది.

రాందాస్ గారు ప్రశ్నలన్నీ నోటికి నేర్చుకుని, కాయితం పక్కన పెట్టి, పిల్ల ముఖమే చూస్తూ అడిగారు. తర్వాత నాకు ఫోను చేసి నవ్వుతూ, "ఈ పిల్ల జవాబు చెప్పి ఊరుకోదమ్మా, ప్రశ్నను కూర్చోబెట్టి దాన్నే అడుగుతుంది" అన్నారు. చివర్లో నువ్వేమైనా అడుగుతావా అంటే ఒకటే అడిగిందట.

"నేను ఆ బడికి పోతే ఆదివారం తాతకు ప్రసంగం ఎవరు చెప్తరు?"

"నాయనమ్మ చెప్పదా?" అన్నారాయన.

"నాయనమ్మ ఆడోళ్ల దిక్కు కూసుంటది. అయినా నాయనమ్మ పాస్టరు చెప్పిందే చెప్తది."

ఆ చివరి మాట ఆయనకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. కానీ రానని మాత్రం గట్టిగా చెప్పింది. ఇష్టం లేని పిల్లను మేం తీసుకోం. ఈ నెలాఖరులోగా చెప్పాలి, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. షాలేమ్‌రాజు బావ ఫోనులో ఒకటే గోల, మీరే పిల్ల మనసు విరిచారని. నేను నమ్మడం లేదు. అయినా అడుగుతున్నాను. మీరేమైనా అన్నారా మామయ్యా?

గ్రేస్


ఇల్లందు,
28 ఏప్రిల్ 2025

గ్రేస్ తల్లీ,

నేనేమీ అనలేదు. పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ అనకపోవడమే పిల్లకు వినిపించి ఉంటుంది. దాని చెవులు అలాంటివని డాక్టరే చెప్పాడు కదా.

నీ ఉత్తరం చదివి, పెట్టె తీసి, అడుగునున్న చెవి మిషను బయటికి తీశాను. రిటైరైనప్పుడు దవాఖానాలో ఇచ్చింది. ఒక్కపూట పెట్టుకుంటే రేకుడబ్బాలో కాకిని మూసినట్టు అనిపించి పెట్టెలో పడేశాను. ఇప్పుడు కొత్త బ్యాటరీ వేయించి, కొత్తగూడెంలో సరిచేయించుకుని పెట్టుకున్నాను. మీ అత్త కాసేపు చూసింది. "ఇన్నేండ్లు నేను గొంతు చించుకుంటె వెట్టుకోలె. మనుమరాలి కోసం వెట్టుకున్నవ్. కానియ్" అంది. విన్నాను తల్లీ! ఆమె తిట్టేటప్పుడు చివర రాగం తీస్తుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఈస్టరు ఆదివారం అది పెట్టుకుని చర్చికి పోయాను. జెస్సికాకు చెప్పలేదు. వెంట్రుకలు కప్పి కూర్చున్నాను. వినబడితే, నాకిక నీ సాయం అక్కర్లేదు, హాయిగా చదువుకో అని చెబుదామని.

పాస్టరు మొదలుపెట్టాడు. జెస్సికా నా వైపు తిరిగి తనూ మొదలుపెట్టింది. కళ్లకు ఒక మాట అందుతోంది, చెవికి ఇంకొకటి. మిషను పాడైందనుకున్నాను. తట్టి చూశాను. తిప్పి చూశాను. చెవిలో పాస్టరు, మైకు సరిగా లేదంటున్నాడు, చెప్పులు వరుసగా విడవమంటున్నాడు, ప్రభువు లేచెను గనుక మనమందరము సంతోషించవలెను అంటున్నాడు. మళ్లీ మైకు అంటున్నాడు.

కళ్ల ముందు జెస్సికా, సమాధికి అడ్డం పెట్టిన రాయి సంగతి చెబుతోంది. దాన్ని ఎవరూ దొర్లించలేదట. మూడు రోజులూ అది చెవి ఆనించి వింటూనే ఉందట. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు తెల్లారగట్ల లోపల ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడి, ఎవరూ చెప్పకుండానే అదే పక్కకు జరిగిందట. తర్వాత వచ్చిన ఆడవాళ్లు దేవదూతనే చూశారు గానీ రాయి ముఖం ఎవరూ చూడలేదట.

అప్పుడు తెలిసింది నాకు. వడ్రంగిపిట్ట ఎవరిదో, తొంభై తొమ్మిది గొర్రెలు ఎవరివో. ఆ నెలంతా ప్రసంగాలు ఎందుకు చప్పబడ్డాయో. పాపం శాంతికుమార్ పాస్టరు, నేను మెచ్చుకున్నప్పుడల్లా నా కోసం ఎందుకు ప్రార్థించాడో. మీరంతా రెండు పరీక్షలు పెట్టి కనుక్కున్నారు. నేను నాలుగేళ్లు ఎదురుగా కూర్చుని కనుక్కోలేదు.

ఇంటికొచ్చే దారిలో వెంట్రుకలు పక్కకు తీసి మిషను చూపించాను. జెస్సికా నడక ఆగిపోయింది.

"ఎప్పుడు వెట్టుకున్నవ్ తాతా?"

"పొద్దుగాల్నే."

"ప్రసంగం... ఇనబడ్డదా?"

"అంతా ఇనబడ్డది బిడ్డా. రాయి చెవి ఆనించి ఇన్నది, తనంతట తనే జరిగింది. పాస్టరు మస్తు చెప్పిండు."

చాలాసేపు నా ముఖమే చూసింది. నేనూ చూశాను. కొంత దూరం నడిచాక నా చెయ్యి పట్టుకుంది.

"మిషను మంచిదే తాతా" అంది.

అంతకు మించి మా మధ్య మాట జరగలేదు. నువ్వూ జరపకు. పాస్టరు చెవిన అసలే వేయకు.

మరునాడు పొద్దున తనే అడిగింది, ఆ బడిలో ఉత్తరాలు రాయనిస్తారా అని. రాయనిస్తారని నేనే చెప్పాను, మీ నియమం ఏదైనా సరే. వారం వారం ప్రసంగం రాసి పంపుతుందట. మిషనులో బ్యాటరీ అయిపోతే పనికొస్తుందట. జూన్‌లో వస్తుందని మీ రాందాస్ గారికి చెప్పు. గడువులోపు నీకూ ఫోను చేయమని షాలేమ్‌రాజుకు చెప్పాను. ఫోనులోనే చెప్పాను, ఈసారి ఊ కొట్టింది వాడు.

నిన్న మళ్లీ ఆదివారం. పాస్టరు నిలబడి, మైకు తట్టి, గొంతు సవరించుకున్నాడు. నేను మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. జెస్సికా వైపు తిరిగాను. నేను తన ముఖం చూసేదాకా ఆగి, మొదలుపెట్టింది.

నీ మామయ్య,
సంసోను